ముదురుతోటల మధురసము

కాళిదాసు రఘువంశమున నాలుగవ సర్గమందు రఘుమహారాజు దిగ్విజయయాత్రను వర్ణించుచు, ఆయన సేనలను తూర్పుతీరము వెంబడి నడిపించి, కళింగదేశమున మహేంద్రగిరిపై విడియజేసి, అచ్చట యోధులు తమలపాకులు పరచి పానభూములను తీర్చుకొని నారికేళాసవమును సేవించిరని చెప్పెను. అదే సర్గమున మరికొన్ని శ్లోకములు గడచిన పిమ్మట, పారసీకులను జయించిన ఆ యోధులే ద్రాక్షతోటలలో మేలైన అజినములు పరచుకొని, ద్రాక్షమద్యముతో విజయశ్రమను పోగొట్టుకొనిరనెను. మన కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యతో ఈ సర్గమును చదువుకొన్న తెలుగువారు ఎందరో గలరు గాని, ఆ రెండు పానములలో మొదటిది శ్రీకాకుళసీమ దాపుననే జరిగినట్లు కవి చెప్పెనన్న సంగతిని మనసుపెట్టి తలచినవారు అరుదు. మహేంద్రగిరి నేడు ఒడిశా సరిహద్దున నున్నది. మందసనుండి వాయవ్యముగా చూచినచో దాని నీలిరేఖ కనబడును. ఆ కొండలకును సముద్రమునకును నడుమ పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురముల వరకు పరచుకొన్న తోటల నేలయే ఉద్దానము. కవి చెప్పిన కొబ్బరి అచ్చట నేటికిని ఉన్నది. కవి ఎరుగని చెట్టొకటి కూడ ఇప్పుడు ఆ నేలను ఏలుచున్నది. అది జీడిమామిడి.

పలాస జీడిపప్పును ఎరుగని తెలుగిల్లు లేదు. పాయసములో, పెండ్లివిందు పులావులో, ప్రయాణములో రైలు పలాసలో ఆగగానే కిటికీకడకు వచ్చు పొట్లములలో ఆ పప్పును మనమందరము చూచినవారమే. కాని ఆ పప్పు ఏ పండు కొసన వ్రేలాడి పెరిగినదో ఆ పండును కన్నవారు, శ్రీకాకుళము జిల్లా దాటినచో, కొద్దిమందియే. తిన్నవారు మరియు తక్కువ. ఏటేట ఫాల్గుణము మొదలు వైశాఖము దాక తీరమంతట రాలిపడు ఆ ఫలసంపద, అంగడికి చేరక, ఇంటికి చేరక, పుట్టిన చెట్టు మొదటనే కుళ్లి మన్నగుచున్నది.

తోటలోనికి తెల్లవారుజామున పోవలెను. రాత్రి రాలిన పండ్లు ఎండుటాకులపై పడియుండును. ఎర్రనివి, పసుపుపచ్చనివి, రెంటికి నడుమనుండు నారింజవన్నెవి. పండును ఎడమచేత పట్టి, కుడిచేత పిక్కను మెలిపెట్టి లాగుట ఒక్క క్షణపు పని. పిక్క బుట్టలో పడును, పండు చెట్టు మొదటి కుప్పలో పడును. పండిన జీడిపండు తోలు బహుపలుచన. వ్రేలు గట్టిగా తగిలినంతనే రసము చిప్పిల్లి మోచేతివరకు కారును, బట్టపై పడిన మరక ఎంత ఉతికినను వదలదు. పొద్దెక్కునప్పటికి కుప్పపై ఈగలును కందిరీగలును ముసరును. మిట్టమధ్యాహ్నమునకు ఆ కుప్పనుండి తియ్యని, ఘాటైన పులుపువాసన తోటంత వ్యాపించును, మరునాటికి బూజు. పిల్లలు కొన్నింటిని ఉప్పుకారము అద్దుకొని తిందురు, పశువులు కొన్నింటిని నమలును, తక్కినదంతయు నేలపాలు. పిక్కకే బేరము గాని పండుకు బేరమెక్కడిదని రైతులనుట ఏ ఊర నిలిచినను వినవచ్చును.

ఆ మధ్యాహ్నపు వాసనను తేలికగా తీసికొనరాదు. పండుతొక్కపై సహజముగా నుండు సూక్ష్మజీవులు లోని చక్కెరను మద్యసారముగా మార్చునప్పుడు పుట్టు పరిమళమది. పారసీకపు ద్రాక్షతోటలో జరిగినది అదే, నేడు ఫ్రాన్సులోను పోర్చుగలులోను కోట్లు తెచ్చిపెట్టుచున్నదియు అదే. ఉద్దానమున ప్రతిదినము ఆ ప్రక్రియ తనంతతాను మొదలగుచున్నది. దానిని చేపట్టి తుదివరకు నడుపువారు మాత్రము లేరు.

ఈ నష్టమెంతటిదో తెలియుటకు పెద్ద లెక్కలు అక్కరలేదు. పలాస ప్రాంతమున పిక్కల బేరము 80 కిలోల బస్తా చొప్పున జరుగును. ఆ బస్తాకు 16,000 రూపాయల మద్దతుధర కావలెనని రైతులు వీధికెక్కి అడిగిన సంగతి పత్రికలు చదువువారెరుగుదురు. పండు బరువు పిక్క బరువునకు 5 నుండి 10 రెట్లుండును. అనగా ఒక్క బస్తా పిక్కలకై రైతు పారవేయుచున్న పండు 400 నుండి 800 కిలోలు. అందు సగమునకు పైబడినది రసమే. నారింజలో నున్నదానికి నాలుగైదు రెట్లు సి విటమిను గల రసము! బస్తాధరకై పోరాడు రైతు, ఆ బస్తాతోబాటు పుట్టిన రెండువందల లీటర్లకు మించిన రసమును, ధర అడుగకయే, మట్టికి ధారపోయుచున్నాడు. అది అతని తప్పు కాదు. కొనువాడు లేని సరకును మోసికొనిపోవుట ఏ రైతుకును తరము గాదు. పైగా జీడిపండు కోసిన నాడే వాడవలసిన వస్తువు, రెండవనాడు దాని మొగము చూడలేము.

ఇక ముదురుతోటల మాట. ద్రాక్షమద్యము చేయు దేశములలో ముసలితీగకు దక్కు గౌరవము మనకు వింతగొలుపును. స్లొవేనియా దేశమున మారిబోర్ నగరమందు, ద్రావానది ఒడ్డున ఒక పాతయింటి గోడనానుకొని పెరిగిన ద్రాక్షతీగ వయస్సు 400 ఏండ్లకు పైమాట. నేటికిని కాయుచున్న ఆ తీగనుండి ఏటేట వచ్చు కొద్దిపాటి ఎర్రమద్యమును చిన్నచిన్న సీసాలకెత్తి, నగరమునకు వచ్చిన మాన్యులకు కానుకగా నిత్తురు. ఆస్ట్రేలియాలో బరోసా లోయయందు 1843లో నాటిన షిరాజు తీగలు ఇప్పటికిని ఫలించుచున్నవి. ఐరోపా తోటలను పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున నాశనముచేసిన వేరుపురుగు ఆ లోయకు చేరకపోవుటచే అవి మిగిలినవి. 2009లో ఆ లోయ ద్రాక్షరైతులు తమ తీగలను వయస్సునుబట్టి 35, 70, 100, 125 ఏండ్లు నిండినవని తరగతులుగా విభజించి, ముసలితీగను పెరికివేయుటకు ముందు ఒకటికి రెండుమార్లు ఆలోచింపవలెనన్న నియమమును తమకు తాము విధించుకొన్నారు. తీగ ముదిరినకొలది కాపు తగ్గును. వేరు లోతుకు పోవుటచే ఒక యేటి అనావృష్టికి చలింపదు. కాచిన కొద్ది గుత్తులలో రసము చిక్కబడునని వారి అనుభవము. ముసలితీగ అను మాటకు పెక్కుదేశములలో చట్టము చెప్పిన నిర్వచనము లేదు. దానిని సీసాపై అచ్చువేసి ధర పెంచుకొను వర్తకులును లేకపోలేదు. ఐనను, ఫలించుట తగ్గినంత మాత్రమున చెట్టును కట్టెలకింద జమకట్టక, దాని కొద్దిపాటి ఫలమునకే హెచ్చు విలువ కట్టుకొన్న ఆ బుద్ధి మెచ్చదగినది.

పోర్చుగలులో దౌరో నదీలోయ కథ మనకు మరింత దగ్గర. అచ్చటి పాతతోటలలో ఒకే మడియందు పదులకొలది జాతుల ద్రాక్షతీగలు కలగలిసి పెరుగుచుండును. ఏ యేడు ఏ జాతికి తెగులు వచ్చునో, ఏది వానకు చెడునో తెలియని రైతు, అన్నింటిని ఒకేచోట నాటుకొని, అన్నింటిని ఒకేనాడు కోసి, ఒకే తొట్టిలో త్రొక్కించెడివాడు. ఒకటి రంగునిచ్చును, ఒకటి పులుపునిచ్చును, ఒకటి పరిమళమునిచ్చును. కలయిక తోటలోనే జరిగిపోవును గాని, తరువాత పీపాలలో కలుపబడినది కాదు. నేలకు, వానకు, మనుష్యుని జాగ్రత్తకు పుట్టిన ఆ మిశ్రమమును ఏ ప్రయోగశాలయు ముందుగా ఊహించి రచింపలేదు. ఇప్పుడు ప్రపంచపు రుచికోవిదులు దానికై వెదకుచున్నారు.

ఆ తొట్లు గ్రానైటురాతివి. మనుష్యులు వరుసగా భుజములు కలిపి నిలిచి గంటలతరబడి కాళ్లతో త్రొక్కుదురు. గింజ చితుకకుండ తొక్క నలుగుటకు కాలికి మించిన యంత్రము లేదని వారి నమ్మకము. ద్రాక్షరసము, పండు ఎంత నల్లనిదైనను, సామాన్యముగా నీళ్లవలె తేటగానే యుండును; ఎర్రమద్యమునకు ఎరుపు వచ్చునది తొక్కనుండి. రసమును తొక్కతోబాటు కొన్ని దినములు పులియనిచ్చినచో రంగుతోబాటు వగరు కూడ దిగును. ఆ వగరే ఎర్రమద్యమునకు బిగువు, ఏండ్లతరబడి నిలువుండుటకు బలము. మన టెక్కలి పరిసరములలో తొలిచితీసిన నీలిగ్రానైటు దిమ్మెలు ఓడలనెక్కి విదేశములకు పోవుచున్నవి. ఆ రాయి మనకడ నున్నది, పండు మనకడ నున్నది, త్రొక్కు పాదములు మనకడ నున్నవి. ఈ మూడింటిని ఒకచోటికి చేర్చు తలంపు మాత్రము ఇంతవరకు ఎవ్వరికిని గట్టిగా కలుగలేదు.

ఉద్దానపు ముదురు జీడితోట దౌరోలోయ పాతతోటకు చుట్టమనుటకు గట్టి కారణము గలదు. మన తాతలు జీడిని పిక్కనాటి పెంచిరి. జీడిపువ్వు పరపరాగమును స్వీకరించునది కావున, పిక్కనుండి మొలచిన ఏ రెండు చెట్లును ఒకపోలిక నుండవు: ఒకటి ఎర్రనిపండు కాచును, ప్రక్కది పసుపుపండు, ఒకదాని పండు బుగ్గనిండ తియ్యన, ఇంకొకదానిది గొంతు పట్టునంత వగరు, ఒకటి ముందు పూచును, ఒకటి మంచు తగ్గినదాక మొగ్గతొడుగదు. కావున పాత జీడితోటలో ఒకనాటి ఉదయము ఏరిన బుట్టెడు పండ్లు స్వభావముననే మిశ్రమము. అంటుతోటలో ఆ వైచిత్ర్యముండదు. అచ్చట చెట్లన్నియు ఒకే తల్లికి ప్రతిరూపములు. బాపట్ల జీడిమామిడి పరిశోధనాస్థానము వెలువరించిన బీపీపీ-8 వంటి రకములను నేను నిందించుటలేదు. అవి మూడవయేటనే కాపునకు వచ్చును, పిక్క పెద్దది, రైతు అప్పు తీరవలెనన్న అంటుమొక్క కావలసినదే. కాని మిగిలిన ముదురుతోటలనన్నింటిని నరికి, వాని స్థానమున ఒక్క రకమునే నింపుట రుచిదృష్ట్యాను జాతిరక్షణదృష్ట్యాను తొందరపాటని నా దృఢాభిప్రాయము. కాండమును వేరును తొలుచు పురుగు సోకిన చెట్టును తీసివేయవలసినదే. ఆరోగ్యముతో నున్న ముసలిచెట్టును పిక్కల లెక్కతో మాత్రమే తూచరాదు.

ముదురుతోటలు మిగిలినవే తక్కువ. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరము దాటినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచిన ఆ గాలికి వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలములలో తరతరాల కొబ్బరిచెట్లు విరిగిపడినవి, జీడిచెట్లు వేళ్లతో పెల్లగిల్లినవి. కొబ్బరిచెట్టు కూలినచో మొదలు చూచి దుఃఖింతుము. జీడిచెట్టు కూలినప్పుడు దాని విశాలమైన కొమ్మల గొడుగు క్రింద నున్న నీడయంతయు ఒక్కసారిగా మాయమగును, ఎండ తగులని నేలపై ఎండ పడును. తాతనాడు నాటినదానిని మనుమనికి అప్పగింపనున్న కుటుంబములు ఆ ఒక్క ఉదయమున కూలివారైనవి. పెక్కుమంది వలసపోయిరి. ఆనాడు బ్రదికి బయటపడిన చెట్లే నేటి ముదురుతోటలు. వానికి ఇంకొక కారణముచే గొడ్డలిపెట్టు తగులరాదు.

ఈ చెట్టు మన గడ్డకు వచ్చిన దారియు మద్యపుదారియే. బ్రెజిలు దేశపు తీరవాసులైన తూపీజనులు జీడిపండు రసమును పులియబెట్టి పండుగలలో త్రాగెడివారు. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసులు ఆ చెట్టును సముద్రము దాటించి గోవా, కొచ్చి తీరములకును ఆఫ్రికాకును చేర్చిరి. 1578లో పోర్చుగీసు వైద్యుడు క్రిస్తొవావ్ ద కొస్త తన గ్రంథమున కొచ్చి తోటలలోని జీడిని వర్ణించెను. గోవావారు పిక్కకంటె ముందు పండునే ఆదరించిరి. చెట్టునుండి కోసిన పండు వారికి పనికిరాదు, తానై రాలినదే తీసికొందురు; రాతిలో తొలిచిన తొట్టిలో వేసి కాళ్లతో త్రొక్కుదురు; వచ్చిన రసమును ఏమియు కలుపక కొన్నిదినములు పులియబెట్టి కాచి ఆవిరిగా దించుదురు. మొదట దిగినది ఊర్రాకు, మరల కాచి దించినది ఫెనీ. దౌరోలోయలో ద్రాక్షను త్రొక్కిన పోర్చుగీసు పాదములే గోవాలో జీడిపండుకు ఆ విద్యను నేర్పినవనుకొనుటకు అవకాశము కలదు. 2009లో గోవా ఫెనీకి భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. ఆ ప్రభుత్వము దానిని తమ వారసత్వపానముగా ప్రకటించుకొన్నది.

ఊరిపేరుతో మద్యమును పిలుచుట పాశ్చాత్యుల కల్పన కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ద్రాక్షరసముతో చేసినదానిని మధువనియు, అది పుట్టిన దేశములనుబట్టి కాపిశాయనము, హారహూరకము అను పేర్లు కలవనియు చెప్పెను. నేడు మనము భౌగోళికసూచిక అనుచున్నదానికి బీజమదియే. మన శ్రీకాకుళము జిల్లాలోని బుడితి కంచు, ఇత్తడి సామగ్రికి ఆ గుర్తింపు కలదు గదా! ఉద్దానపు పండురసము తన ఊరిపేరుతో లోకమునకు పోరాదా?

మరియొక్క మాట. మన పలాస, కాశీబుగ్గల పరిశ్రమలకు ఇచ్చటి పంట చాలక ఆఫ్రికానుండి పచ్చిపిక్కలు దిగుమతి యగుచున్నవి. భారతదేశమునకు పిక్కలంపు దేశములలో గినీ-బిస్సావు ఒకటి. అదియు ఒకనాటి పోర్చుగీసు వలస. అచ్చటి పల్లెలలో పిక్కను బేరగానికి తూచియిచ్చి, పండును మాత్రము స్త్రీలు పిండి, రసమును పులియబెట్టి, ఊళ్లలో అమ్ముకొని ఇల్లు నడుపుకొందురు. మన బట్టీలలో కాగు ఆ పిక్క, తన పండును అచ్చట ఒక తల్లి కొంగున రూకలుగా మార్చియే బయలుదేరినది. పేదరికమున మనకంటె మిక్కిలి క్రిందనున్న ఆ దేశము చేయుచున్న పనిని మనము చేయకుండుట నాకు దుస్సహముగా తోచుచున్నది.

పనియందు కష్టమేమనగా, ద్రాక్షకు వరమైన వగరు జీడిపండుకు శాపము. ఎర్రమద్యమున కోరి దించుకొను ఆ గుణమును జీడిరసమునుండి మొదటనే తొలగింపవలెను. లేనిచో నాలుక బిరుసెక్కును, గొంతు గరగరలాడును. ఉపాయము మన వంటింటనే యున్నది. లీటరు రసమునకు 5 గ్రాముల చొప్పున సగ్గుబియ్యమును పొడిచేసి, కొద్దినీటిలో జావగా ఉడికించి, చల్లార్చి, రసమున కలిపి, రాత్రంతయు కదల్పక ఉంచినచో వగరంతయు జావను పట్టుకొని అడుగున పేరుకొనును. పైతేటను మెల్లగా వంచుకొనుటయే. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఊరూర నేర్పినది ఈ పద్ధతినే. బియ్యపుగంజితోను ఇది సాధ్యము. ఆ తేటను వెంటనే కాచి సీసాలకెత్తినచో పానకము. చక్కెర హెచ్చుచేసి మద్యశిలీంధ్రము కలిపి, గాలి చొరని పాత్రలో పులియబెట్టినచో లేతపసుపు వన్నెగల జీడివైను. ఎర్రపండు వాడినను రంగు ఎరుపు రాదు, ఎరుపంతయు తొక్కలోనే యుండును. తొక్కను నానబెట్టిన వగరు మరల దిగును. ఇంతకుమించి ఇందులో మంత్రములేదు. ద్రాక్షాసవమును, ద్రాక్షారిష్టమును ధాతకీపుష్పములతో పులియబెట్టుటను శతాబ్దములుగా ఎరిగిన వైద్యపరంపర మనది. కిణ్వప్రక్రియ మనకు పరాయి విద్య కాదు.

ఇంత చెప్పి, చెప్పవలసిన అసలు సంకోచమును దాచిన ధర్మము గాదు. మద్యమను మాట తెలుగుపల్లెలో తేలికగా ఉచ్చరింపదగినది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాదుకాణమును మూయించిన నాటినుండి, ఆ నిప్పు రాష్ట్రమంతట రాజుకొని, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినదాక నడచిన చరిత్రలో ఎన్ని యిండ్ల కన్నీరు కలిసియున్నదో మనమెరుగుదుము. ఆ నిషేధము రెండేండ్లలోనే సడలిపోయిన వైనమునూ ఎరుగుదుము. ఉద్దానమునకు దానికి తోడు మరియొక దుఃఖము. మూడు దశాబ్దములుగా ఈ తోటలనడుమ మూత్రపిండవ్యాధి ఇంటింట చొరబడి, కష్టించి పనిచేయు వయస్సున నున్నవారిని తీసికొనిపోవుచున్నది. శాస్త్రజ్ఞులు నీటిని, మట్టిని, ఎండలో చేయు కాయకష్టమును ఎంత పరిశీలించినను కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనాలయము, ఆసుపత్రి తెరువబడుట ఈ దుఃఖపు లోతునకు సాక్ష్యము. డయాలిసిస్ మంచము ప్రక్కన కూర్చున్న ఇల్లాలికి వైను గొప్పదనమును వర్ణించుట నావలన కాదు. కావున గోవా వలె ఘాటైన ఫెనీని ఉద్దానమున కాచవలెనని నేననను. దానిని అడుగువారు వచ్చినను ఒప్పుకొనరాదనియే అందును.

మార్గము బ్రెజిలునందే యున్నది. ఈశాన్య బ్రెజిలునందలి సియరా రాష్ట్రమున రొడోల్ఫో తెయోఫిలో అను ఔషధశాస్త్రజ్ఞుడుండెను. నవలలు వ్రాసినవాడు, మశూచి ప్రబలినప్పుడు ఊరూర తిరిగి టీకాలు వేసినవాడు. జనులను సారానుండి మళ్లింపవలెనన్న తలంపుతో ఆయన జీడిరసముతో మత్తులేని పానీయమును రూపొందించెను. వగరు తీసిన తేటరసమును గుడ్డలో పలుమార్లు వడియగట్టి, సీసాలలో పోసి, మరుగునీటిలో నుంచి చాలసేపు కాచుదురు. అందలి చక్కెర ముదిరి రసము తేనెవన్నెకు తిరుగును. చక్కెర కలుపరు, నీరు కలుపరు, మద్యసారము లేశమైనను లేదు. దాని పేరు కజువీనా. పియావీ రాష్ట్రపు కజువీనాను 2014లో బ్రెజిలు ప్రభుత్వము సాంస్కృతికవారసత్వముగా నమోదుచేసినది. అచ్చట అతిథి ఇంటికి వచ్చినచో ఇచ్చునది ఆ గ్లాసే. మద్యమును మాన్పించుటకు పుట్టిన పానీయము మద్యమునకు మించిన గౌరవమును సంపాదించిన ఉదాహరణము లోకమున ఇంకెన్ని గలవు?

ఉద్దానమునకు మొదట కావలసినది కజువీనా వంటి రసము. వైను దాని తరువాతిది. అది పరిమితముగా, అనుమతితో, పొరుగు నగరములలో అమ్ముటకై, ముదురుతోటల పండుతో మాత్రమే చేయబడవలెను. కేరళ ప్రభుత్వము 2022లో పండ్లనుండి వైను చేయు చిన్నపరిశ్రమలకు అనుమతినిచ్చుటకై నియమములు చేసినది. మన ప్రభుత్వము వానిని తెప్పించి చదువవచ్చును. పని మాత్రము స్త్రీసంఘముల చేతిలో నుండవలెను. జీడిబట్టీలలో పిక్క కొట్టి కొట్టి, జీడినూనె కాటుకు వ్రేళ్లు నల్లబడి తోలూడిన చేతులు వారివి. పప్పు గుండుగా నిలిచినచో ఒక ధర, బద్దయైనచో ఇంకొక ధర అన్న సూక్ష్మమును ఆ వ్రేళ్లే కనిపెట్టును. పండును ఏరుట, కడుగుట, పిండుట, తేర్చుట అను పనులకు అంతకంటె నేర్పరులు దొరకరు. తోటకు రెండు గంటల దూరములో పిండుకేంద్రముండవలెను, ఏలయన పండు ఎండకు ఆగదు. కిలోకు రెండు రూపాయలు ధర పలికినను, బస్తా పిక్కలతోబాటు రైతు ఇంటికి 800 రూపాయలకు తక్కువగాకుండ అదనముగా చేరును; అంతకంటె ముఖ్యముగా, పిక్క దిగుబడి తగ్గిన ముసలిచెట్టుకు బ్రదుకుటకు ఇంకొక కారణము దొరకును.

పాఠకులలో ఉద్దానపు బిడ్డలు దేశదేశములలో నున్నారు. కొందరు హైదరాబాదులోను విశాఖలోను ఉద్యోగములు చేయుచున్నారు, కొందరు గల్ఫుదేశములలో చెమటోడ్చుచున్నారు. మీ ఊరిలో మీ తాత నాటిన జీడిచెట్టు ఇంకను నిలిచియున్నచో, దానిని కట్టెల వర్తకునికి ఒప్పగించుటకు ముందు ఈ వేసవిలో ఒక్కసారి వెళ్లి, దాని పండు నాలుగు కిలోలు ఏరి, పిండి, సగ్గుబియ్యపు జావతో తేర్చి, కాచి చల్లార్చి, ఇంటిల్లిపాదికి పోసి చూడుడు. రుచి నచ్చినచో మీ ఊరి స్త్రీసంఘమునకు చెప్పుడు, మండల ఉద్యానాధికారికి అర్జీ పెట్టుడు. పండ్ల ఋతువు మార్చిలో మొదలగును, మే నెలాఖరున ముగియును.